ఒడ్డెక్కిన పడవకు సెలవెక్కడిది?

ఏటా ఏప్రిల్ 15 రాగానే మన దగ్గర ఒక మాట బయల్దేరుతుంది. జాలరోళ్లకేం, రెండు నెలలు సెలవు. పడవ ఒడ్డున పడేసి చెట్టు కింద పేకాడుకుంటారు. పైగా ప్రభుత్వం ఇరవై వేలు చేతిలో పెడుతోంది. అనకాపల్లి టీ కొట్ల దగ్గర వినిపించే ఈ మాటే, కాస్త ఆర్థికశాస్త్రం పూసుకుని విశాఖ ఏసీ గదుల్లోనూ వినిపిస్తుంది. పని చెయ్యనందుకు డబ్బిచ్చే రాష్ట్రం ఎక్కడైనా బాగుపడుతుందా అని అక్కడ అడుగుతారు. రెండు చోట్లా పునాది ఒకటే. వేట ఆగితే పని ఆగినట్టే, పడవ ఒడ్డెక్కితే ఖర్చు ఆగినట్టే అన్న నమ్మకం. ఆ నమ్మకం తప్పు. టీ కొట్టు దగ్గర ఆగిపోయే తప్పయితే వదిలేయొచ్చు. ప్రభుత్వ పథకాల లెక్కలు కూడా దాని మీదే కడుతున్నారు కాబట్టి వదలడానికి వీల్లేదు.

ముందు చట్టం సంగతి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, మోటారు పడవలు వేటకు వెళ్లకూడదు. 2015కి ముందు ఇది మే నెలాఖరు వరకే, 47 రోజులే ఉండేది. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం కనుక వాటిని వాటి మానాన వదిలెయ్యాలన్నది ఉద్దేశం. ఆ ఉద్దేశంతో నాకు పేచీ లేదు. నాకున్న పేచీ అంతా, ఆ 61 రోజుల్లో ఒడ్డున ఏం జరుగుతుందో చూడకుండానే తీర్పు చెప్పేవాళ్లతో.

అనకాపల్లి అనగానే బెల్లం గుర్తొస్తుంది, నూకాలమ్మ జాతర గుర్తొస్తుంది. 2022 ఏప్రిల్‌లో విడిగా ఏర్పడిన ఈ జిల్లాకు సముద్రం కూడా ఉందన్న సంగతి జిల్లా కేంద్రంలోనే చాలామందికి తట్టదు. పరవాడ మండలంలో ముత్యాలమ్మపాలెం, అచ్యుతాపురం మండలంలో పూడిమడక, అక్కణ్ణించి కిందికి బంగారమ్మపాలెం, రాజయ్యపేట, పాయకరావుపేట దగ్గర పెంటకోట, ఇలా తీరం పొడుగునా పల్లెలే. వీటిలో పూడిమడక పెద్దది. ట్రాలు వల లాగకుండా గేలాలతో, తాళ్లతో సొర మొదలుకొని పెద్ద పెద్ద ట్యూనాల దాకా పట్టే పనితనం ఈ ఊరి సొత్తు. తెరచాపల కాలం నుంచీ లోతు నీళ్లకు వెళ్లడం వీళ్లకు అలవాటు. ఒకసారి దిగితే రాత్రుళ్లు పడవలోనే, వంట పడవలోనే, నిద్ర పడవలోనే. విశాఖ హార్బరులో సుమారు 700 మరబోట్లున్నాయి. వాటి మీద కళాసీలుగా వెళ్లేవాళ్లయితే పది పదిహేను రోజులు నేల చూడరు. ఏడెనిమిది మందికి అదే ఇల్లు. అలాంటి ఇంటిని ఏడాదికొకసారి విప్పి, చూసి, బిగించుకోవడానికి దొరికే గడువే ఈ 61 రోజులు. చెరకు సీజనుకు ముందు గానుగ బిగించుకుని, బెల్లం పొయ్యి మెత్తుకుంటున్న రైతును చూసి సెలవులో ఉన్నాడని అనకాపల్లిలో ఎవరైనా అంటారా?

చెక్క పడవనే తీసుకోండి. నీళ్లలో ఉన్నంతకాలం దాని పలకలు తడిసి, ఉబ్బి, ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి. లోపలికి నీరు రాకుండా ఆపేదాంట్లో సగం ఆ ఒత్తిడే. ఒడ్డెక్కించి మే నెల ఎండలో నిలబెట్టగానే పలక ఆరుతుంది, కుంచించుకుంటుంది, సందులు నోళ్లు తెరుస్తాయి. అడుగున అంటిన గుల్లలు గీకాలి. పాచి తోమాలి. చెక్కను తొలిచే సముద్రపు పురుగు పట్టిన చోట పలక ఊడదీసి కొత్తది వెయ్యాలి. సందుల్లో పాత పత్తి పీకి, కొత్త పత్తి తాడును ఉలితో కొట్టి దూర్చి, పైన నూనెలో కాచిన గుగ్గిలం పట్టించాలి.

వడ్రంగి ఎంతటివాడో తేలేది ఇక్కడే. ఆరిన పలకల మధ్య పత్తిని మరీ గట్టిగా కూరాడనుకోండి, పడవ నీళ్లలో దిగి పలకలు మళ్లీ ఉబ్బేటప్పుడు వాటికి చోటుండదు. మేకులు ఊడొస్తాయి, లోపలి వంకుల మీద భారం పడుతుంది. వదులుగా కూరితే నీరు ఆగదు. నెల రోజుల తర్వాత ఆ పలక ఎంత ఉబ్బుతుందో ఇవాళ ఎండలో దాని మీద చెయ్యి పెట్టి అంచనా కట్టగలగాలి. ఈ చదువుకు బడి లేదు. తాళ్లరేవు, కోరంగి వైపు ఓడల పని తరతరాలుగా సాగింది. 1839 తుపాను కోరంగిని ఊడ్చేశాక కూడా ఆ చుట్టుపక్కల పడవల వడ్రంగం బతికింది. అది రాసి పెట్టుకున్న చదువు కాదు, చేతిలోంచి చేతిలోకి వచ్చింది. అలాంటి చేతులు తీరంలో ఏటికేడూ తగ్గిపోతున్నాయి. పడవలన్నీ ఒకేసారి ఒడ్డెక్కుతాయి, అందరికీ అదే వడ్రంగి కావాలి. స్లిప్‌వే మీద చోటుకు వరస, మేస్త్రీకి వరస, లేత్ షాపులో షాఫ్టు కోసం వరస. బయటివాళ్లకు రెండు నెలలు ఎక్కువగా కనిపిస్తాయి కానీ పడవ యజమానికి అవి చాలవు.

ఫైబర్ పడవలొచ్చాక ఇంకా ఈ పత్తీ గుగ్గిలం గోలేమిటండీ, అంటారు కాస్త తెలిసినవాళ్లు. సగం తెలిసినవాళ్ల వాదన ఎప్పుడూ ఇంతే నమ్మకంగా ఉంటుంది. నిజమే, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా 1979లో మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం, రేవు లేని మన తీరాల్లో నేరుగా ఇసుక మీదికి వచ్చి ఆగగలిగే పడవల నమూనాల మీద చాలా పని చేసింది. తర్వాత ఫైబర్ మన పల్లెలన్నిటికీ పాకింది. పురుగు తొలవదు, పలక కుంచించుకోదు. కానీ పూడిమడకలో పడవ ప్రతి వేటకూ ఏం చేస్తుందో చూడండి. వెళ్లేటప్పుడు ఇసుక మీద ఈడుస్తారు, వచ్చేటప్పుడు ఇసుక మీదికి ఈడుస్తారు. అడుగున ఉన్న నున్నటి పై పొర అరిగిపోతుంది. అరిగిన చోట నీరు లోపలి పొరల్లోకి దూరుతుంది. పడవ బరువెక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల పొరలు విడిపోవడం మొదలవుతుంది. పైకి మాత్రం రంగు మెరుస్తూనే ఉంటుంది.

దాన్ని బాగుచెయ్యాలంటే మొదట ఎండబెట్టాలి. ఒకటి రెండు రోజులతో అయ్యే ఎండబెట్టడం కాదది. దెబ్బతిన్న పొరల్ని గట్టి భాగం తగిలేదాకా అరగదియ్యాలి. ఆ పొడి ఒంటికి తగిలితే దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే అంతకన్నా ప్రమాదం. మూతికి కట్టుకునేది తువ్వాలు గుడ్డే. తర్వాత ఫైబర్ మ్యాట్ పరిచి రెజిన్ పట్టించాలి. రెజిన్‌లో గట్టిపరిచే మందు కాస్త ఎక్కువైతే మే ఎండకు డబ్బాలోనే గడ్డకడుతుంది. తక్కువైతే రోజులు గడిచినా జిగురుగానే ఉంటుంది. లోపల తడి మిగిలిపోయి ఉంటే కొత్త పొర పాతదాన్ని పట్టుకోదు. ఒడ్డున అందంగా కనిపించిన అతుకు, నడి సముద్రంలో ఊడుతుంది. ఇదంతా షెడ్డులో చెయ్యాల్సిన పని. మన దగ్గర తాటాకు నీడలో, ఇసుక గాలిలో చేస్తున్నారు.

మరబోటుకు ఇంకో రకం చాకిరీ. ఇంజను దించడం, ఫ్యాను విప్పడం, షాఫ్టు బయటికి లాగడం, షాఫ్టు పడవను దాటి బయటికొచ్చే చోట నీరు లోపలికి రాకుండా కూరే ప్యాకింగ్ మార్చడం, ఉప్పునీటి తుప్పును తమ మీదికి లాక్కునే జింకు దిమ్మలు కొత్తవి బిగించడం. అడుగున గుల్లలు పట్టకుండా వేసే రాగి రంగు చివర్లో వెయ్యాలి. అది వేసి నెలల తరబడి ఎండలో వదిలేస్తే దాని గుణం పోతుంది కాబట్టి, దించే రోజును చూసుకుని వేసుకోవాలి. అంతా అయ్యాక అసలు చిక్కొకటి ఉంది. దిమ్మల మీద కూర్చున్నప్పుడు పడవ ఒళ్లు ఒక తీరుగా ఉంటుంది, నీళ్ల మీద తేలినప్పుడు ఇంకో తీరుగా ఉంటుంది. ఒడ్డున వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపిన ఇంజనూ షాఫ్టూ నీళ్లలో దిగాక తప్పుతాయి. అందుకే పడవను దించి, ఒకటి రెండు రోజులు నీళ్లలో నాననిచ్చి, అప్పుడు మళ్లీ సరిచూసి బిగిస్తారు. చెక్క బోటయితే ఆ మొదటి రాత్రి ఎవరో ఒకరు పంపు పక్కన మేలుకుని ఉండాల్సిందే. మొదట్లో నీరు వస్తుంది, వచ్చి తీరాలి. పలకలు తాగి ఉబ్బేదాకా తోడుతూ ఉండాలి. ఎంత నీరు మామూలు, ఎప్పుడు కంగారు పడాలి అన్నది తెలిసినవాడే అక్కడ కూర్చోవాలి. పేకాట ఆడేవాళ్లు దొరికితే కూడా పనికొస్తారేమో, నిద్ర పట్టకుండా.

కట్టేసిన పడవ భద్రమని కూడా అనుకోకండి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు లేచినప్పుడు తగలబడ్డవన్నీ జెట్టీ దగ్గర కట్టేసి ఉన్న బోట్లే.

రేవు లేని ఊళ్లో దించడమంటే ఏమిటో చెప్పి డబ్బుల దగ్గరికి వస్తాను. జూన్ మధ్యనాటికి నైరుతి గాలి పుంజుకుంటుంది. పూడిమడకలో పడవ కట్టుకోవడానికి జెట్టీ లేదు. ఒడ్డుకూ లోతుకూ మధ్య కెరటాల వరస ఒక్కటే ఉంది. గంగమ్మకు పూజ చేసి, పడవ ముక్కు దగ్గర అణియానికి పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి, కింద దుంగలు వేసి పదిమంది తోస్తారు. పడవను నడిపించే తండేలు కెరటాలు లెక్కపెడుతూ నిలబడతాడు. పెద్ద కెరటాలు కొన్ని వరసగా వచ్చి వెళ్లాక చిన్న సందు దొరుకుతుంది. ఆ సందులో ఇంజను పట్టుకోవాలి, పడవ ముక్కు తిన్నగా ఉండాలి. అడ్డం తిరిగిందా, రెండు నెలల మరమ్మతు ఒక్క కెరటంతో సరి. కొత్తగా బిగించిన ఇంజను మొదటిసారి మొరాయించేది కూడా సరిగ్గా అక్కడే.

ఇప్పుడు ఆ ఇరవై వేల గురించి. 2019 నుంచి పదివేలుగా ఉన్న నిషేధ భృతిని ప్రస్తుత ప్రభుత్వం ఇరవై వేలకు పెంచింది. 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ‘మత్స్యకార సేవలో’ పేరుతో మొదలుపెట్టింది. లక్షా ఇరవై తొమ్మిది వేల కుటుంబాలకు సుమారు 258 కోట్లు. అంకె వినగానే కళ్లు పెద్దవి చేసేవాళ్లు దాన్ని 61తో భాగించి చూడాలి. ఇంటికి రోజుకు 328 రూపాయలు. అదే ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి మనిషికి రోజుకు 307 రూపాయలు. చెరువు మట్టి తవ్వితే ఒకరికి వచ్చేదానికి ఇరవై రూపాయలు ఎక్కువ వేసి, ఇల్లంతటికీ ఇచ్చి, దాన్ని ఉచితం అంటున్నాం. ఇచ్చేది కూడా దేనికి? తన లాభం కోసం ఇంట్లో కూర్చోలేదు జాలరి. సముద్రంలో చేప మిగలాలని, అందరి కోసం, చట్టం కూర్చోబెట్టింది. చేపను వదిలెయ్యమని పడవకు చెప్పగలిగాం. జిల్లాలోని ఫార్మా కంపెనీల వ్యర్థజలాల గొట్టాలు సముద్రంలోకి వద్దని రాజయ్యపేట జాలర్లు రోడ్డెక్కితే మాత్రం, ఆ గొట్టాలకు ఒక్క రోజు నిషేధం కూడా ఎవరికీ తోచలేదు. గుడ్లు పెట్టే చేపకు పడవ ఒక్కటే శత్రువు కాబోలు.

నా అసలు ఫిర్యాదు అంకె చిన్నదని కాదు. ఆ లెక్కలో మనిషి పొట్ట ఉంది, పడవ లేదు. రెండు నెలలు వాడు తినాలి కాబట్టి ఇంత అని కట్టారు. పడవ విశ్రాంతి తీసుకుంటోందని ముందే అనుకున్నాం కనుక దానికి పద్దు వెయ్యలేదు. వడ్రంగి ఆ జాబితాలో లేడు, నావెక్కనందుకు. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లమ్మట చేపలమ్మే ఆడమనిషి లేదు, ఆమె కూడా నావెక్కదు. సముద్రంలో తిరిగేటప్పుడు డీజిల్ మీద లీటరుకు ఇంత రాయితీ ఉంది, కొత్త పడవలకు, వలలకు కేంద్ర పథకాల్లో సబ్సిడీలున్నాయి. ఉన్న పడవను క్షేమంగా తిరిగి నీళ్లలోకి దించడానికి అయ్యే ఖర్చు దగ్గరికొచ్చేసరికి అందరూ అటు తిరిగిపోతారు.

మరి ఆ ఖర్చు ఎక్కణ్ణించి వస్తుంది? మొదట ఇంట్లో బంగారం. అది చాలకపోతే సావుకారు. చేపలు కొనే వ్యాపారే మే నెలలో రెజిన్‌కీ, కలపకీ, ఇంజను సామాన్లకీ అడ్వాన్సు ఇస్తాడు. వడ్డీ అడగడు చాలాసార్లు, మంచివాడు. సరుకు మాత్రం తనకే వెయ్యాలంటాడు, ధర తనే చెబుతాడు. మేలో తీసుకున్న ఆ డబ్బు మళ్లీ ఏప్రిల్ దాకా ప్రతి చేప మీదా తన వాటా తీసుకుంటూనే ఉంటుంది. పట్టుబడి వచ్చాక పడవకో వాటా, ఇంజనుకో వాటా, వలకో వాటా తీసి మిగిలింది మనుషులు పంచుకునే పద్ధతి మనది. పడవ వాటా బాకీకే పోతే యజమాని కూడా కళాసీతో సమానంగా మిగులుతాడు. అంటే ఏడాది పొడుగునా జాలరికి ఏ ధర దొరుకుతుందో తేలేది వేట సీజనులో కాదు, మనం సెలవు అంటున్న ఈ రెండు నెలల్లోనే.

ఇదే పని ఇంకొకరు చేస్తే మన కళ్లు వేరుగా చూస్తాయి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి నౌకాదళం తెరచాప పడవ తారిణి మీద ఆరుగురు అమ్మాయిలు భూమి చుట్టి రావడానికి బయల్దేరారు. వాళ్లలో విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారు. పడవ పొడుగు 56 అడుగులే. మన హార్బరులో దాదాపు అంతటి బోట్లు ఎన్నో ఉన్నాయి. చివరి అంచెలో చుక్కాని యంత్రం చెడితే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకుని, 2018 మే 21న తిరిగొచ్చారు. అదే పడవ మీద 2024 అక్టోబరు నుంచి 2025 మే దాకా ఇద్దరే అమ్మాయిలు, దిల్నా, రూపా, మళ్లీ చుట్టి వచ్చారు. తెరచాపలు, తాళ్లు, చుక్కాని, అడుగు అన్నీ సరిచూసుకున్న నెలల్ని మనం సన్నాహం అన్నాం, క్రమశిక్షణ అన్నాం, సరిగ్గానే అన్నాం. పూడిమడక తండేలు అదే పని తన సొంత డబ్బుతో చేస్తే మాత్రం ఖాళీగా కూర్చున్నాడు.

ఎవరికీ విశ్రాంతి లేదని నేననడం లేదు. ఉత్తరాంధ్ర నుంచి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి నెలల తరబడి బోట్ల మీదే బతికే కుర్రాళ్లకు, ఆ తీరంలో జూన్, జూలైల్లో నిషేధం పడితేనే ఇంటి ముఖం కనిపిస్తుంది. 2018లో అలా వెళ్లి పాకిస్తాన్‌కు పట్టుబడినవాళ్లు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఆ కథ సినిమాగా వస్తే రాష్ట్రమంతా చప్పట్లు కొట్టింది. సొంత ఊళ్లో రేవు ఉంటే వాళ్లు అంత దూరం ఎందుకు పోతారని మాత్రం ఎక్కువమంది అడగలేదు. రాష్ట్రంలో రెండో విడత హార్బర్ల జాబితాలో పూడిమడక పేరుంది. పక్కనే రాంబిల్లిలో నౌకాదళ స్థావరం వస్తోంది. పూడిమడక దగ్గరే గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఊరి పడవ మాత్రం ఇప్పటికీ ఇసుక మీదే ఎండుతోంది.

చివరిగా ఒక గట్టి ప్రత్యర్థి ఉన్నాడు, అతన్ని దాటెయ్యడం న్యాయం కాదు. పడవలకు డబ్బిస్తే ఇంకా ఎక్కువ పట్టేస్తారు, సముద్రం ఖాళీ అవుతుంది, ప్రపంచ వాణిజ్య సంస్థ 2022లో కుదిర్చిన ఒప్పందం ఉద్దేశం కూడా ఇలాంటి రాయితీలను అదుపు చెయ్యడమే కదా, అంటాడు. పెద్ద ట్రాలర్లను ఇంకా పెద్దవి చేసే డబ్బు విషయంలో అతని మాట నిజం, అలాంటి డబ్బు ఇవ్వకూడదు కూడా. కానీ ఉన్న పడవ అడుగు బాగుచేసుకున్నంత మాత్రాన దాని గేలాల సంఖ్య పెరగదు. ఓటి పడవ చేపల్ని కాపాడదు, మనుషుల్ని ముంచుతుంది. ఎక్కువ పట్టించేది మరమ్మతు కాదు, మరమ్మతు కోసం చేసిన బాకీ. సావుకారికి సరుకు వెయ్యాలి కాబట్టి రెండు రోజులు ఎక్కువ ఉండేది, చిన్న చేపను కూడా వదలకుండా తెచ్చేది, వాతావరణ కేంద్రం వద్దన్న రోజున కూడా పడవ దించేది బాకీ ఉన్నవాడే. కనుక ఏప్రిల్ మొదటి వారంలోనే, పొట్ట భృతితో కలపకుండా, పడవ రిజిస్ట్రేషన్ నంబరు మీద మరమ్మతు సాయం విడిగా ఇవ్వండి. పడవ సైజుకు పైహద్దు పెట్టండి. వడ్రంగి, ఫైబర్ మేస్త్రీ సంతకం లేనిదే రెండో వాయిదా విడుదల చెయ్యకండి. అలా అయినా వాళ్ల పేర్లు ప్రభుత్వ కాగితం మీద మొదటిసారి కనిపిస్తాయి. పూడిమడకలో హార్బరు వచ్చేదాకా ఆగకుండా, రెజిన్ పనికి నాలుగు స్తంభాల షెడ్డు ఒకటి ఈ ఏడే వెయ్యండి.